మన రెండు రాష్ట్రాలు కూర్చునే బల్ల ఎక్కడుంది? (సరిహద్దు జిల్లాల చర్చ)

నాగావళి ఒడ్డు (రాయగడ), ఆదివారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. పోయిన నెల మా మేనమామకు గుండెనొప్పి వస్తే విశాఖ తీసుకెళ్లాం. రాయగడ వాళ్లు ఎవరైనా అదే చేస్తారు. భువనేశ్వర్‌కు రాత్రంతా రైలు ప్రయాణం, విశాఖకు నాలుగైదు గంటలు. అక్కడి ఆసుపత్రిలో మా ఆరోగ్య కార్డు చూసి, ఇది ఒడిశాది, ఇక్కడ చెల్లదని పక్కన పెట్టారు. అప్పు చేసి వైద్యం చేయించాం. మామయ్య బాగానే ఉన్నాడు, ఇప్పుడు కాఫీ మానమన్నందుకు డాక్టరును తిడుతున్నాడు.

ఇంటికి వచ్చాక ఒక సందేహం పట్టుకుంది. ఇలాంటివి రెండు రాష్ట్రాలు కూర్చుని తేల్చుకోవాలంటే ఎక్కడ కూర్చుంటాయి? వెతికితే తేలింది ఇది: 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం భాషల వారీగా గీతలు గీసి ఊరుకోలేదు. గీసినచోట తగాదాలు పుడతాయని ఊహించి పక్కపక్క రాష్ట్రాలు కలిసి కూర్చునే అయిదు జోనల్ కౌన్సిళ్లనూ పెట్టింది. కేంద్ర హోంమంత్రి అధ్యక్షుడు, ముఖ్యమంత్రులు సభ్యులు. సరిహద్దు వివాదాలు, భాషా అల్పసంఖ్యాకులు, అంతర్రాష్ట్ర రవాణా, ఈ మూడూ అక్కడ చర్చించవచ్చని 21వ సెక్షన్‌లో రాసి ఉంది. మూడూ మన గొడవలే కదా అని సంతోషించాను.

తర్వాత ఎవరు ఏ కౌన్సిల్‌లో ఉన్నారో చూశాను. ఆంధ్రప్రదేశ్ దక్షిణ కౌన్సిల్‌లో ఉంది. ఒడిశా తూర్పు కౌన్సిల్‌లో బిహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్‌తో కూర్చుంటుంది. రాయగడ వాడికి బిహార్‌తో ఏం పేచీ ఉంటుంది? ఎవరితో ఉందో వాళ్లు వేరే గదిలో ఉన్నారు.

మనం ఎప్పుడు కలిసినా ఏ ఊరు ఏ రాష్ట్రంలో ఉండాల్సిందనే వాదించుకుంటాం. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి లెక్కలు తీస్తాం. నేను అడిగేది అది కాదు. గీత ఎక్కడున్నా సరే, గీతకు అటూ ఇటూ ఉన్న ప్రభుత్వాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ఏర్పాటు కావాలి. కౌన్సిళ్ల పొందిక మార్చమని అడగాలంటాను. మీరేమంటారు?

ప్రాణహిత (సిరోంచ), ఆదివారం రాత్రి 10.25

అన్నా, మీకు రెండు గదులే. మాకు మూడు. సిరోంచ మహారాష్ట్రది, అంటే పశ్చిమ కౌన్సిల్. గోదావరి దాటితే కాళేశ్వరం, తెలంగాణ, దక్షిణ కౌన్సిల్. ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్, అది మధ్య కౌన్సిల్. మూడు కౌన్సిళ్లు కలిసేది మా తాలూకాలోనే, కానీ ఆ కలిసేచోట ఉన్నవి నీళ్లు, ఇసుక.

అయినా మీ మాట పూర్తిగా ఒప్పుకోలేను. కూర్చుంటే చాలు అంటున్నారు. మా దగ్గర కూర్చున్నారు మరి. 2016 మార్చిలో మహారాష్ట్ర, తెలంగాణ కలిసి అంతర్రాష్ట్ర బోర్డు పెట్టుకున్నాయి. అదే ఏడాది ఆగస్టు 23న ముంబైలో ఇద్దరు ముఖ్యమంత్రులూ ఒప్పందాలు చేసుకున్నారు. మేడిగడ్డ బ్యారేజీలో నీళ్లు వంద మీటర్ల మట్టం వరకు నిలపవచ్చని తేల్చుకున్నారు. 2019 జూన్ 21న ప్రారంభోత్సవానికి ముగ్గురు ముఖ్యమంత్రులు ఒకే వేదిక ఎక్కారు, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రితో కలిపి. ఏ జోనల్ కౌన్సిల్ అవసరమూ రాలేదు.

ఆ బ్యారేజీకి ఒక కొన తెలంగాణలో, రెండో కొన మా తాలూకాలో పోచంపల్లి దగ్గర. గేట్లు 85. మా చిన్నాన్న పత్తి చేను ఒడ్డుకు దగ్గరే. 2022 జూలైలో వరద వచ్చినప్పుడు నీళ్లు చేలోకి వచ్చి, వెళ్లడం మరిచిపోయాయి. ఎవరిని అడగాలి? ఇక్కడి కార్యాలయంలో అడిగితే బ్యారేజీ వాళ్లది అన్నారు. అవతలి ఒడ్డుకు వెళ్తే మీ భూమి మా రికార్డులో ఉండదు అన్నారు. పరిహారం కోసం మా రైతులు దీక్షలకు కూర్చున్నారు. 2023 అక్టోబరులో ఆ బ్యారేజీ పిల్లరే కుంగింది, అది వేరే కథ, మీరందరూ చదివే ఉంటారు.

కాబట్టి రెండు రాష్ట్రాలు కలవడం వల్లే మా చేను బాగుపడదు. ఆ బల్ల దగ్గర చేను ఉన్నవాడికి కుర్చీ లేదు. ఇద్దరూ కలిసి మమ్మల్ని ముంచడం కూడా సమాఖ్య సహకారమే అవుతుంది!

బొగ్గుల బండి (బల్లార్‌పూర్), సోమవారం ఉదయం 6.50

కుర్చీలు, బల్లలు అంటూ ఉదయాన్నే నవ్వించారు. మా జిల్లా జివతి తాలూకాకు రండి. మహారాజగూడ, పరందోళి వంటి ఊళ్లు తమవంటే తమవని మహారాష్ట్ర, తెలంగాణ దశాబ్దాలుగా అంటున్నాయి. అక్కడివాళ్లకు ఇటో రేషన్ కార్డు, అటో రేషన్ కార్డు. ఇటో సర్పంచ్, అటో సర్పంచ్. ఒక ఇంటి మధ్య నుంచే సరిహద్దు పోతుందని పత్రికల్లో ఫోటోలు కూడా వచ్చాయి. రెండు ప్రభుత్వాలూ పోటీపడి సేవ చేస్తున్నాయి. వివాదం లేని ఊళ్లో ఉన్న నన్ను ఎవరూ అడగరు. నా సలహా ఏమిటంటే ప్రతి ఊరినీ వివాదంలో పెట్టించండి.

పర్లాకిమిడి వకీలు, సోమవారం ఉదయం 8.05

బొగ్గుల బండి గారి హాస్యం బాగుంది, కానీ ఆ ఊళ్లవాళ్లు నడుస్తున్నది కత్తి అంచు మీద. ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గం జాబితాలోనే ఉండాలని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. సాధారణ ఎన్నికల్లో ఒకే తరహా నియోజకవర్గాలు రెండింటిలో ఓటు వేస్తే రెండు ఓట్లూ చెల్లవని 1951 చట్టం 62వ సెక్షన్ అంటుంది. ఆ ఊళ్లవాళ్లను రెండు జాబితాల్లోనూ ఎక్కించింది అధికారులు, రేపు ఎవరైనా తిరగేస్తే దోషి అయ్యేది ఓటరు.

ఇక అసలు విషయం. నాగావళి ఒడ్డు గారు 21వ సెక్షన్ దగ్గర ఆగిపోయారు, ఇంకొక్కటి తిప్పితే 22 ఉంది. రెండు లేదా అంతకంటే ఎక్కువ జోనల్ కౌన్సిళ్లు ఉమ్మడి సమావేశం జరుపుకోవచ్చని అందులో ఉంది. అంటే తలుపు ఉంది, తీసేవాళ్లే లేరు. పొందిక మార్చాలంటే పార్లమెంటు చట్టం సవరించాలి. ఉమ్మడి సమావేశానికి చట్టం ఇప్పటికే సరిపోతుంది.

పెద్ద బల్ల కూడా ఒకటుంది. రాజ్యాంగం 263వ అధికరణం కింద అంతర్రాష్ట్ర మండలి. రాజ్యాంగం వచ్చిన నలభై ఏళ్లకు, కేంద్ర, రాష్ట్రాల సంబంధాలపై వేసిన సర్కారియా కమిషన్ గట్టిగా చెప్పాక, 1990 మే నెలలో దాన్ని ఏర్పాటు చేశారు. పదో సమావేశం 2006 డిసెంబరులో, పదకొండోది 2016 జూలైలో జరిగాయి. మధ్యలో దాదాపు పదేళ్లు. ఈ లోపు మా కక్షిదారుల పిల్లలు పెరిగి కక్షిదారులయ్యారు.

ఇంకోటి చెప్పి ఆపుతాను. మా దగ్గరకు ఎక్కువగా వచ్చేది కుల ధ్రువీకరణ గొడవ. పాతపట్నం ఆడపిల్ల పర్లాకిమిడి కోడలవుతుంది, నడుమ దూరం నడిచి వెళ్లేంత. అక్కడ షెడ్యూల్డ్ జాబితాలో ఉన్న కులం ఇక్కడి జాబితాలో ఉండకపోవచ్చు. ఉన్నా సరే, ఒక రాష్ట్రపు హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో దానంతట అది రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. మరి రేషన్? ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ వచ్చాక బియ్యం ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చు. బియ్యం గీత దాటుతుంది, కులం కాగితం దాటదు. మేనమామ గారి కార్డూ దాటలేదు. ఏది దాటాలి, ఏది దాటకూడదు అన్నది ఎవరూ ఒక్కచోట కూర్చుని ఆలోచించలేదు.

సాలూరు దారి (కోరాపుట్), సోమవారం మధ్యాహ్నం 1.30

ఒడిశా, ఆంధ్ర రెండూ తమవంటున్న కొఠియా ఊళ్ల పేరు ఎవరూ ఎత్తలేదేమిటా అని ఇంతసేపు ఆగాను. పొట్టంగి వైపు సంతలకు సరుకు వేసుకుని తిరిగేవాణ్ణి, చూసింది చెబుతాను.

ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. యథాతథ స్థితి అన్నారు. 2006లో దావా కొట్టేశారు. యథాతథం మాత్రం అలాగే ఉంది. 2021లో ఆంధ్ర వైపు పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. ఆ ఏడాది నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిసి కొఠియాతో పాటు నేరడి, జంఝావతి, పోలవరం ప్రాజెక్టులు అన్నీ మాట్లాడి, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేస్తామని ప్రకటించారు. పత్రికల్లో మంచి ఫోటో వచ్చింది. ఇప్పుడు అక్కడికి వెళ్లినా రెండు రాష్ట్రాల బోర్డులూ కనిపిస్తాయి.

బొగ్గుల బండి గారూ, రెండు ప్రభుత్వాలు పోటీపడితే లాభమే అనుకుంటారు. వివాదం పెరిగిన ఏడాది రోడ్లు, బడి గదులు వస్తాయి, నిజమే. చల్లారాక ఆ బడికి మాస్టారు రారు. సంతలో ఒక కొండదొర ముసలాయన నాతో అన్న మాట: ఇద్దరు అల్లుళ్లు ఉన్న ఇంట్లో పండగకు రెండు కోళ్లు వస్తాయి, జ్వరం వస్తే మందు తెచ్చేవాడు ఉండడు.

బొగ్గుల బండి, సోమవారం మధ్యాహ్నం 2.15

అల్లుళ్ల మాటకు నేను లొంగిపోయాను. కానీ ఒకటి అడుగుతాను. రాష్ట్రాల తరఫున మాట్లాడేందుకు రాజ్యసభ అని ఒకటి ఉంది కదా, అది ఏం చేస్తోంది? 2003లో చట్టం మార్చారు. ఆ రాష్ట్రంలో ఓటరు కావాల్సిన పనిలేదు, దేశంలో ఎక్కడ ఓటున్నా ఏ రాష్ట్రం నుంచైనా రాజ్యసభకు వెళ్లవచ్చు. 2006లో సుప్రీంకోర్టు సరేనంది. గడ్చిరోలి ఎక్కడుందో పటంలో వెతుక్కునేవాడు కూడా మహారాష్ట్ర ప్రతినిధి కావచ్చు. బల్లలు తర్వాత, ముందు ఇది మార్చండి. దానితోపాటు నియోజకవర్గాల పునర్విభజన వస్తోంది, 1971 జనాభా లెక్కల మీద నిలిపేసిన లోక్‌సభ సీట్లు

నిర్వాహకుడు, సోమవారం మధ్యాహ్నం 2.40

పునర్విభజనకు వేరే చర్చ నడుస్తోంది, అక్కడ ఇప్పటికే మూడు వందల వ్యాఖ్యలూ రెండు అలకలూ ఉన్నాయి. పై వ్యాఖ్యలో ఆ భాగం తీసేశాను, అందుకే వాక్యం మధ్యలో ఆగింది. రాజ్యసభ మాట ఉంచాను.

బరంపురం మాస్టారు, సోమవారం సాయంత్రం 5.45

పిల్లలూ, మీరందరూ నదుల గురించి, గీతల గురించి మాట్లాడుతున్నారు. నేను నోటీసు గురించి మాట్లాడతాను.

ఒక జిల్లాలో గానీ దానికి దిగువ విభాగంలో గానీ జనాభాలో పదిహేను శాతం ఒక భాష మాట్లాడితే ముఖ్యమైన నియమాలు, నోటీసులు ఆ భాషలోనూ అచ్చువేయాలన్నది 1956 నుంచి ఉన్న ఒప్పుదల. ఒక తరగతిలో పదిమంది, లేదా బడిలో నలభైమంది ఉంటే ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చెప్పాలన్నది అంతకు ముందుది, 1949 నాటిది. ఆ మాతృభాష చదువు కోసమే ఏడో సవరణతో రాజ్యాంగంలో 350-ఏ చేర్చారు. 350-బీ కింద భాషా అల్పసంఖ్యాకులకు ఒక ప్రత్యేక అధికారిని కూడా పెట్టారు. ఆయన చేసేది నివేదిక రాయడం. నివేదిక రాష్ట్రపతికి వెళ్తుంది, పార్లమెంటు ముందుకు వెళ్తుంది. మా వీధి చివర గోడ దాకా రాదు.

ఒడియాలో పన్ను నోటీసు వస్తే మా పక్కింటి అవ్వ ఇప్పటికీ నా దగ్గరకే తెస్తుంది. ఆవిడకు ఒడియా మాట వచ్చు, అక్షరం రాదు. తెలుగు అక్షరం కూడబలుక్కుంటుంది. నేను చదివి చెప్పి, ‘కట్టవలసింది ఇంత’ అని తెలుగులో చీటీ రాసిస్తాను. ఇరవై ఏళ్లుగా నేనే ఆ రాజ్యాంగ అధికారిని అనుకోండి, జీతం లేకుండా.

ఒక సంగతి మాత్రం న్యాయంగా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లాలో, ఇచ్ఛాపురం వైపు, ఒడియా పిల్లలదీ ఇదే గోడు. అక్కడా ఒక ఒడియా మాస్టారు ఉండి చీటీలు రాస్తూ ఉంటారు. మేమిద్దరం కలిస్తే చాలా పని జరుగుతుంది, కానీ మమ్మల్ని కలిపే సెక్షన్ ఏదీ లేదు.

నాగావళి ఒడ్డు, సోమవారం రాత్రి 9.30

వకీలు గారూ, 22వ సెక్షన్ చూడకపోవడం నా తప్పే. మాస్టారూ, మీ చీటీల మాట మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

ప్రాణహిత గారు అన్న కుర్చీ మాట పగలంతా తిరిగింది తలలో. మా జిల్లాలోనే దానికి ఒక ఉదాహరణ ఉంది. నియమగిరి. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. ఆ జూలై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. గని రాలేదు. ఢిల్లీలో, భువనేశ్వర్‌లో ఉన్న బల్లలన్నీ ఆ పన్నెండు ఊళ్ల ముందు ఆగాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారమిచ్చే 1996 పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం అక్కడ నిజంగా పనిచేశాయి. మరి సిరోంచ కూడా షెడ్యూల్డ్ ప్రాంతమే కదమ్మా? మహారాష్ట్ర 2014లోనే పెసా నియమాలు తెచ్చింది. మా ఒడిశా పాతికేళ్లు దాటినా తేలేకపోయింది.

ప్రాణహిత, సోమవారం రాత్రి 10.50

షెడ్యూల్డ్ ప్రాంతమే. కానీ తేడా చూడండి. నియమగిరిలో కొండ ఆ ఊళ్లదే, గని ఆ కొండ మీదే. వద్దు అంటే ఆగింది. మా దగ్గర గేటు మూసేది తెలంగాణ ఇంజినీరు, నీళ్లు నిలిచేది మహారాష్ట్ర చేలో. మా గ్రామసభ తీర్మానం చేస్తే అది నది దాటి ఎక్కడికి వెళ్తుంది? పెసా కూడా గీత దగ్గర ఆగిపోతుంది, మేనమామ గారి కార్డులాగే.

ఇంతకీ నాకు కావాల్సింది చాలా చిన్నది. గేట్లు ఎప్పుడు మూస్తారు, ఎప్పుడు ఎత్తుతారు అన్నది మా తహసీల్ కార్యాలయం గోడ మీద ముందుగా తెలుగులో, మరాఠీలో అంటించాలి. మునిగితే ఎవరి దగ్గర దరఖాస్తు ఇవ్వాలో ఒక్క పేరు. అంతే.

బాబ్లీ కాపు (ధర్మాబాద్), మంగళవారం ఉదయం 7.20

ఆలస్యంగా వచ్చాను, శనగ కోతలు. ప్రాణహిత గారూ, మీరడిగింది మా దగ్గర ఉంది.

గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ గురించి ఇటు వాళ్లూ అటు వాళ్లూ ఎన్ని తిట్లు తిట్టుకున్నారో అందరికీ తెలుసు. శ్రీరాంసాగర్ ఎండిపోతుందని అటు, మా నీళ్లు మేం ఆపుకోకూడదా అని ఇటు. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ కిందకు వదలాలి. చూడడానికి ముగ్గురు సభ్యుల కమిటీ: కేంద్ర జల సంఘం నుంచి ఒకరు, రెండు రాష్ట్రాల నుంచి చెరొకరు. అంతే.

ప్రతి జూలై ఒకటిన రెండు రాష్ట్రాల ఇంజినీర్లూ గట్టు మీదకు వస్తారు. ఎవరూ ఎవరినీ పిలవనక్కర్లేదు, అనుమతి అడగనక్కర్లేదు. ఆ తేదీ వస్తే గేటు లేవాలి. ప్రభుత్వాలు మారాయి, అవతల రాష్ట్రమే మారి ఆంధ్రప్రదేశ్ బదులు తెలంగాణ వచ్చింది, గేటు మాత్రం జూలై ఒకటిన లేస్తుంది. నాకు దాంతో సంతోషమని కాదు. గేట్లు తెరిచి ఉన్న నాలుగు నెలలూ మా కళ్ల ముందే నీళ్లు పోతాయి, ఇక్కడ రైతులు ఇప్పటికీ గొణుగుతారు. కానీ ఎప్పుడు గొణగాలో మాకు తెలుసు. మీకు అదీ తెలియడం లేదు.

మీ కౌన్సిళ్లకూ మా కమిటీకీ తేడా అదే. వాళ్లు ‘చర్చించవచ్చు’. వీళ్లు ‘ఆ రోజు ఎత్తాలి’.

పర్లాకిమిడి వకీలు, మంగళవారం ఉదయం 9.00

కోర్టుల్లో ఇన్నేళ్లు ఉండి నేను చెప్పాల్సిన మాట కాపు గారు చెప్పారు. ఒడిశా, ఆంధ్రల నీటి తగాదాకు వేసిన వంశధార ట్రిబ్యునల్ గుర్తొచ్చింది. 2010లో వేశారు, 2017 సెప్టెంబరులో తుది తీర్పు, నేరడి బ్యారేజీకి అనుమతి. బ్యారేజీ ఇంకా లేదు. ఇక జంఝావతి: ముంపు భూమి సంగతి ఒడిశాతో తేలక ఆంధ్ర వాళ్లు 2006లో రబ్బరు డ్యాం కట్టుకున్నారు. ఒప్పందం కుదరనప్పుడు గాలితో ఉబ్బే డ్యాం కట్టిన దేశం మనది!

నా ప్రతిపాదన. కౌన్సిళ్ల సవరణ, రాజ్యసభ, ఇవన్నీ రాద్దాం, ఎవరికి పంపాలో వారికి పంపుదాం. కానీ ముందు చిన్న కాగితం ఒకటి. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న జిల్లా కలెక్టర్లు ఇద్దరూ ఏడాదికి ఒక్కసారి, ముందే ప్రకటించిన తేదీన, బహిరంగంగా కూర్చోవాలి. మా వైపు రాయగడ, అటు పార్వతీపురం మన్యం. దీనికి పార్లమెంటు అక్కర్లేదు, ఇద్దరు ప్రధాన కార్యదర్శుల ఉత్తర్వు చాలు.

బొగ్గుల బండి, మంగళవారం ఉదయం 9.25

కలెక్టర్లు టీ తాగి ఫోటో దిగి వెళ్తారు.

నాగావళి ఒడ్డు, మంగళవారం రాత్రి 8.40

దిగనివ్వండి. 2017 జూలైలో కల్యాణసింగపూర్ వైపు కుండపోత కురిసి నాగావళి పొంగింది, తెరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. ఆ నీళ్లే దిగువన ఆంధ్రలోని తోటపల్లి బ్యారేజీకి చేరతాయి. ఫోటో దిగిన ఇద్దరికీ ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర ఉంటే నాకు చాలు.

కౌన్సిళ్ల మాట వదల్లేదు కానీ వెనక్కి జరిపాను. చిత్తుప్రతి రాశాను, మూడే కోరికలు. వానలకు ముందు వరద కబురు ఎవరు ఎవరికి చెప్పాలో పేర్లతో సహా తేల్చాలి. సరిహద్దు అవతల ఏ ఆసుపత్రుల్లో ఏ కార్డు చెల్లుతుందో జాబితా రెండు భాషల్లో అంటించాలి. ఆ రోజు ఇరువైపుల నుంచి సర్పంచులకు కుర్చీలు వేయాలి, ప్రాణహిత గారి షరతు అది. ఒడియా ప్రతి కావాలి. మాస్టారూ?

బరంపురం మాస్టారు, మంగళవారం రాత్రి 9.05

రాస్తాను. ఇచ్ఛాపురంలో ఆ ఒడియా మాస్టారిని కూడా వెతికి పట్టుకుని ఒకసారి చూపిస్తాను. ఇదే కాగితాన్ని సిరోంచ, భూపాలపల్లి పేర్లతో ప్రాణహిత అమ్మాయి మరాఠీలో రాసుకోవాలి.

ప్రాణహిత, మంగళవారం రాత్రి 9.15

మరాఠీ నాది. చిన్నాన్న సంతకం మొదట.

బాబ్లీ కాపు, మంగళవారం రాత్రి 9.40

చిత్తుప్రతి చదివాను. సమావేశం తేదీ దగ్గర ‘అనుకూలమైన రోజున’ అని ఉంది. కొట్టేయండి. అనుకూలమైన రోజు ఎవరికీ రాదు. జూన్ రెండో సోమవారం అని వేయండి.

బరంపురం మాస్టారు, మంగళవారం రాత్రి 9.50

రెండో సోమవారం కొన్నేళ్లు రజ పండుగలో పడుతుంది నాయనా. ఒడిశాలో ఆ రోజు కలెక్టరు కాదు కదా, నాగలి కూడా కదలదు. మొదటి సోమవారం వేయండి.

నాగావళి ఒడ్డు, మంగళవారం రాత్రి 9.55

మొదటి సోమవారం. మార్చాను.